డార్విన్ గారి రాళ్ళ లెక్క

రెండేళ్ళ క్రితం ఒక రాత్రి గుండె దడ వచ్చి డాక్టరు దగ్గరకు పరిగెత్తాను. గుండెకేమీ లేదు, ఆందోళన అన్నారు. కారణం నాకు తెలుసు. మాస్టర్స్‌లో చేసిన పనిని పరిశోధనా పత్రంగా రాసిస్తానని మా ప్రొఫెసరుగారికి మాట ఇచ్చి అప్పటికి ఏడేళ్ళు. ఆఫీసులో కోడ్‌లో తప్పులు గంటల తరబడి వెతకగలను కానీ, ఆ ఫైలు తెరవాలంటే చేతులు ఆడవు. తెరిస్తే ఎవరైనా నా తప్పు పట్టుకుంటారని భయం.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం లండన్ శివార్లలో, డౌన్ అనే ఊళ్ళో ఉన్న చార్లెస్ డార్విన్ ఇల్లు చూడటానికి వెళ్ళాను. స్కూలు పుస్తకంలోని గడ్డం తాతగారి వెనుక మనలాంటి మనిషి ఒకడున్నాడని అక్కడే తెలిసింది.

డార్విన్ 1809లో ష్రూస్‌బరీలో ఒక పేరున్న డాక్టరు కొడుకుగా పుట్టాడు. మత్తుమందు లేని ఆ కాలపు ఆపరేషన్లు చూడలేక ఎడిన్‌బరోలో వైద్యం చదువు మధ్యలోనే మానేశాడు. తర్వాత కేంబ్రిడ్జిలో డిగ్రీ. 1831 చివర్లో బీగిల్ ఓడ కోసం ప్లిమత్‌లో ఎదురుచూస్తుంటే ఆయనకూ గుండె దడే! డాక్టరుకు చూపిస్తే ప్రయాణం వద్దంటారేమోనని, చూపించుకోకుండానే ఓడెక్కేశాడు.

అయిదేళ్ళు ప్రపంచం చుట్టి వచ్చాక, 1838లో ప్రకృతి వరణం ఆలోచన తట్టింది. 1844 నాటికి దాదాపు 230 పేజీల వ్యాసం సిద్ధం. తాను చనిపోతే 400 పౌండ్లు ఖర్చుపెట్టి దాన్ని అచ్చు వేయించమని భార్య ఎమ్మాకు ఉత్తరం రాసిపెట్టి, కట్టను పక్కన పెట్టేశాడు. జీవులన్నిటినీ దేవుడు విడివిడిగా సృష్టించాడని నమ్మే సమాజం, దైవభక్తి గల భార్య, తప్పులెన్నడానికి సిద్ధంగా ఉన్న పండితులు. భయపడకుండా ఎలా ఉంటాడు?

ఆ తర్వాత 1846 నుంచి 1854 వరకు, ఎనిమిదేళ్ళు, ఓడల అడుగున అంటుకుని బ్రతికే బార్నకిల్స్ అనే చిన్న జీవుల మీద పనిచేశాడు! మధ్యలో వాంతులు, నీరసం, దడ, నెలల తరబడి నీటి చికిత్సలు. 1851లో పదేళ్ళ కూతురు యానీ చనిపోయింది.

ఇది వాయిదా కాదు, ఒప్పుకున్న పనులు వరుసగా పూర్తి చేసుకోవడమే అనే చరిత్రకారులున్నారు. నాకు రెండూ కొంత నిజమే అనిపిస్తుంది. బార్నకిల్స్ ఆయనకు దాక్కునే చోటూ అయ్యాయి, బడీ అయ్యాయి. ఒకే జాతిలో ఎన్ని తేడాలుంటాయో ఆయన కళ్ళారా చూసింది వాటిలోనే.

1858 జూన్‌లో ఆల్ఫ్రెడ్ వాలెస్ నుంచి ఉత్తరం వచ్చింది. అందులో తన సిద్ధాంతమే! అదే నెల 28న డార్విన్ పసికొడుకు స్కార్లెట్ జ్వరంతో పోయాడు. మూడు రోజులకు లిన్నియన్ సొసైటీలో ఇద్దరి రచనలూ చదివారు. డార్విన్ వెళ్ళలేదు. కానీ ఆ వేసవిలోనే రాయడం మొదలుపెట్టి, ఏడాది పైచిలుకులో పుస్తకం ముగించాడు. 1859 నవంబరు 24న 'జాతుల ఉత్పత్తి' 1,250 ప్రతులతో వెలువడినప్పుడు కూడా ఆయన నీటి చికిత్సలోనే ఉన్నాడు.

ధైర్యం వచ్చాక రాసింది కాదన్నమాట. జబ్బూ భయమూ పోనేలేదు. మరి ఎలా సాధ్యమైంది? పొద్దున గంటన్నర పని, కాస్త విరామం, మళ్ళీ గంటన్నర. తర్వాత తోటలోని ఇసుక బాటలో నడక. మలుపులో చెకుముకి రాళ్ళు కుప్పపెట్టుకుని, చుట్టుకొక రాయి పక్కకు తన్నేవాడట. 1881లో వానపాముల మీద చివరి పుస్తకం తెచ్చి, 1882లో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ యాబీలో సమాధి చేశారు.

ఆ బాటలో నేనూ రెండు చుట్లు తిరిగాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర అయిదు గులకరాళ్ళు పెట్టుకున్నాను. అరగంట రాస్తే ఒక రాయి పక్కకు. చాలా రోజులు ఒక్క రాయే కదులుతుంది. దడ ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, డాక్టరు సలహా కూడా పాటిస్తున్నాను. పోయిన నెలలో మొదటి ప్రతి ప్రొఫెసరుగారికి పంపాను. నిండా ఎర్ర గుర్తులతో తిరిగొచ్చింది. తప్పులు పట్టుకున్నారు, నాకేమీ కాలేదు.

ఈ వ్యాసం కూడా రెండుసార్లు గడువు దాటింది. సంపాదకులు మన్నించాలి.