కణాల లెక్కను మార్చిన ఉపాధ్యాయుడు: సత్యేంద్రనాథ్ బోస్

సత్యేంద్రనాథ్ బోస్ 1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి సురేంద్రనాథ్ రైల్వే ఉద్యోగి. ఏడుగురు సంతానంలో సత్యేంద్రనాథ్ పెద్దవారు, ఏకైక పుత్రుడు. హిందూ స్కూలులో ఒకే లెక్కను పలు విధాల సాధించి చూపినందుకు గణితోపాధ్యాయులు ఆయనకు నూటికి నూటపది మార్కులు వేశారని చెప్పుకుంటారు. ప్రెసిడెన్సీ కళాశాలలో జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే వంటి మహనీయులు ఆయన గురువులు. 1915లో ఎం.ఎస్సీ. పరీక్షలో బోస్ ప్రథములుగాను, సహాధ్యాయి మేఘనాథ్ సాహా ద్వితీయులుగాను నిలిచారు. ఈ మిత్రులిద్దరూ కలిసి ఐన్‌స్టైన్ సాపేక్షతా వ్యాసాలను జర్మన్ నుండి ఆంగ్లంలోకి అనువదించగా, అవి 1920లో గ్రంథరూపం దాల్చాయి.

1921లో బోస్ కొత్తగా వెలసిన ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా చేరారు. వేడెక్కిన వస్తువు వెలువరించే కాంతిని గురించి ప్లాంక్ 1900లో ఇచ్చిన సూత్రాన్ని అక్కడ విద్యార్థులకు బోధించవలసి వచ్చింది. సూత్రం సరైనదే, దానిని రాబట్టే దారి మాత్రం సగం పాత భావాలతోను, సగం కొత్త భావాలతోను అతుకులబొంతగా ఉండేది. తనకే తృప్తినీయని దానిని పిల్లలకు ఒప్పజెప్పడం ఆయనకు నచ్చలేదు. పుస్తకంలో ఉన్నది గనుక నేర్చుకోండి అని తప్పుకొనే స్వభావం ఆయనది కాదు.

ఆయన కనుగొన్న మార్గాన్ని రెండు నాణేలతో వివరించవచ్చు. రెండింటినీ ఎగురవేస్తే నాలుగు ఫలితాలు: రెండూ బొమ్మ, రెండూ బొరుసు, మొదటిది బొమ్మ రెండవది బొరుసు, మొదటిది బొరుసు రెండవది బొమ్మ. రెండూ ఒకే విధంగా పడే అవకాశం నాలుగింట రెండు, అనగా సగం. ఇప్పుడు ఆ నాణేలలో ఏది మొదటిదో ఏది రెండవదో సృష్టిలో ఎవరూ చెప్పలేరనుకుందాం. అప్పుడు చివరి రెండు ఫలితాలు ఒకటైపోతాయి. సమానమైన స్థితులు మూడే. ఒకే విధంగా పడే అవకాశం మూడింట రెండుకు పెరుగుతుంది. చేతిలోని నాణేలు ఇలా ప్రవర్తించవు. కాంతి కణాలు ఇలాగే ప్రవర్తిస్తాయని బోస్ లెక్క వల్ల తేలింది. వాటిని ఏ బలమూ దగ్గరకు లాగకపోయినా, ఒకే స్థితిలో గుమికూడే మొగ్గు వాటికి పుట్టుకతోనే ఉన్నది.

1924 జూన్ 4న ఆయన ఆ వ్యాసాన్ని నేరుగా ఐన్‌స్టైన్‌కు పంపారు. ముక్కూమొగమూ తెలియని ఢాకా ఉపాధ్యాయుని వ్యాసాన్ని ఆ మహామేధావి స్వయంగా జర్మన్‌లోకి అనువదించి ప్రకటింపజేశారు. ఆ వ్యాసంలో రెండుతో హెచ్చవేయవలసిన చోటు ఒకటున్నది. కాంతి కణానికి స్వతఃసిద్ధమైన భ్రమణం ఉండవచ్చునన్న బోస్ ఊహ అచ్చులోకి రాలేదు. 1931లో సి.వి. రామన్‌తో కలిసి దానికి ప్రయోగపూర్వకమైన ఆధారం చూపినవారు మన తెలుగువారైన సూరి భగవంతం గారు.

ఐన్‌స్టైన్ ఈ లెక్కను కాంతి నుండి పరమాణువులకు విస్తరింపజేశారు. వాయువును మిక్కిలిగా చల్లబరిస్తే పరమాణువులు తమ వేరువేరు నడకలు మాని, ఒకే అలవలె ప్రవర్తిస్తాయని ఊహించారు. ఆ ఊహ ఫలించడానికి డెబ్బది సంవత్సరాలు పట్టింది. 1995 జూన్‌లో అమెరికాలోని బౌల్డర్ నగరంలో సుమారు 2000 రుబిడియం పరమాణువులను ఆ స్థితికి తెచ్చారు. అప్పటి ఉష్ణోగ్రత పరమశూన్యానికి పైన ఒక డిగ్రీలో కోటి భాగాలు చేస్తే రెండు భాగాలకన్న తక్కువ! 2010లో జ్యూరిక్ శాస్త్రజ్ఞులు అటువంటి పరమాణువుల గుంపును రెండు అద్దాల నడుమ నిలిపి, ప్రక్కనుండి లేజర్ కాంతిని ప్రసరింపజేశారు. కాంతి బలం ఒక హద్దు దాటగానే, అవి చదరంగపు బల్లమీద ఒకే రంగు గళ్ళను ఆక్రమించినట్లు బారులు తీరాయి. ఒక పరమాణువు చెదరగొట్టిన వెలుగు అద్దాల మధ్య తిరుగాడుతూ తక్కినవాటికి కబురు మోసుకుపోయింది. వెలుపలినుండి కాంతి అందుతున్నంతవరకే ఆ క్రమశిక్షణ!

బోస్ లెక్కకు లోబడే కణాలకు శాస్త్రజ్ఞుడు డిరాక్ బోసాన్లని పేరు పెట్టారు. రెండవ తెగ ఫెర్మియాన్లు. ఒకటున్న స్థితిలో మరొకటి చేరనీయవు. 1965లో మన ఛాంపియన్ రీఫ్ గనిలో, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, శాస్త్రజ్ఞులు పసిగట్టిన న్యూట్రినోలు ఈ తెగవే.

బోస్ రెండేండ్లు పారిస్, బెర్లిన్ నగరాలలో గడిపి 1926లో ఢాకాకు తిరిగి వచ్చారు. డాక్టరేటు లేకున్నా ఐన్‌స్టైన్ సిఫారసుతో ఆచార్య పదవి లభించింది. 1945లో కలకత్తా చేరారు. రాజ్యసభ సభ్యత్వం, పద్మవిభూషణ్, రాయల్ సొసైటీ సభ్యత్వం వరుసగా వచ్చాయి. నోబెల్ బహుమతి మాత్రం రాలేదు. ఎస్రాజ్ వాద్యమంటే ఆయనకు ప్రాణం.

అంతకు మించిన పట్టుదల మాతృభాష విషయంలో కనబరచారు. విజ్ఞానశాస్త్రాన్ని బెంగాలీలో చెప్పలేమనే పెద్దల మాటను ఆయన అంగీకరించలేదు. 1948లో బంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, పత్రిక వెలువరించారు. ఎం.ఎస్సీ. తరగతులకు సైతం బెంగాలీలో బోధించారు. 1962లో జపానుకు వెళ్ళినప్పుడు, అక్కడి పండితులు ఉన్నత భౌతికశాస్త్రాన్ని తమ భాషలోనే చర్చించుకోవడం చూసి ఆయన ముచ్చటపడ్డారు. మరుసటి ఏడాది తన పత్రిక ప్రత్యేక సంచికను పరిశోధన వ్యాసాలతోనే నింపారు. అన్నీ బెంగాలీలో వ్రాసినవే. 1974 ఫిబ్రవరి 4న కలకత్తాలో ఆయన కన్నుమూశారు.