బాగ్‌బజార్ సందులో ఐర్లాండ్ టీచరమ్మ: సిస్టర్ నివేదిత



మీ అమ్మాయి చదువు పూర్తిచేసి మంచి ఉద్యోగంలో కుదురుకుంది అనుకోండి. ఒక రోజు వచ్చి, ఆ ఉద్యోగం మానేసి వేరే దేశం వెళ్తానని, అక్కడి పిల్లలకు చదువు చెబుతానని, జీతం ఏమీ ఉండదని అంటే మీరేమంటారు? ముందు కోపం వస్తుంది. తర్వాత భయం వేస్తుంది. అక్కడ తిండి ఎలా, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, అక్కడివాళ్లు మనపిల్లను దగ్గరికి రానిస్తారా అని రాత్రంతా నిద్రపట్టదు.

సుమారు 130 ఏళ్ల క్రితం ఇంగ్లండ్‌లో మేరీ నోబుల్ అనే తల్లికి సరిగ్గా ఇదే పరిస్థితి ఎదురైంది. ఆమె పెద్ద కూతురు మార్గరెట్ వెళ్తానన్నది మన దేశానికే. ఆ మార్గరెట్‌నే మనం సిస్టర్ నివేదితగా పిలుచుకుంటున్నాం. ఆమె పేరు మీకు తెలిసే ఉంటుంది. కానీ కొత్త చోట కుదురుకోవడానికి ఆమె ఎంత కష్టపడిందో చాలామందికి తెలియదు. ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

పదిహేడేళ్లకే టీచరు

మార్గరెట్ 1867 అక్టోబర్ 28న ఐర్లాండ్‌లోని డంగానన్ పట్టణంలో పుట్టింది. తండ్రి శామ్యూల్ క్రైస్తవ మత బోధకుడు. ఆమెకు పదేళ్ల వయసులో ఆయన చనిపోయారు. ఈ పిల్లకు ఎప్పటికైనా దూరం నుంచి ఒక పిలుపు వస్తుందని, అప్పుడు అడ్డు చెప్పవద్దని చివరి రోజుల్లో ఆయన భార్యతో అన్నారని మార్గరెట్ జీవితచరిత్రలు చెబుతాయి.

చదువు పూర్తికాగానే, పదిహేడేళ్లకే ఆమె టీచరయింది. కొన్నేళ్లకు లండన్ దగ్గర వింబుల్డన్‌లో సొంతంగా బడి పెట్టింది. పిల్లలకు ఆటపాటలతో, చేతిపనులతో చదువు నేర్పాలన్న పెస్టలోజీ, ఫ్రోబెల్ పద్ధతులంటే ఆమెకు ఇష్టం. టీచరుగా మంచి పేరు కూడా వచ్చింది. 1895 నవంబరులో లండన్‌లో ఒకరి ఇంట్లో స్వామి వివేకానంద ప్రసంగం విన్నది. వెంటనే ఒప్పుకోలేదు. ప్రశ్నలు వేసింది, వాదించింది, మళ్లీ మళ్లీ వెళ్లి విన్నది. చివరికి భారతదేశంలో ఆడపిల్లల చదువు కోసం పని చేయాలని నిర్ణయించుకుంది.

బయలుదేరే ముందు ఒక ఉత్తరం

1897 జూలైలో వివేకానంద ఆమెకు ఒక ఉత్తరం రాశారు. రమ్మని పిలిచిన మనిషి, ఆ ఉత్తరం నిండా రాకపోవడానికి కారణాలే ఏకరువు పెట్టారు. ఇక్కడి ఎండలు భరించలేవని, నగరాలు దాటితే యూరప్ సౌకర్యం ఒక్కటీ దొరకదని హెచ్చరించారు. ఇక్కడివాళ్లు అంటరానిదానిలా చూస్తారని, తెల్లవాళ్లేమో పిచ్చిదని అనుమానిస్తారని, అడుగడుగునా పేదరికం, మూఢనమ్మకాలు ఎదురవుతాయని కూడా దాచకుండా రాశారు.

అంతా చెప్పాక చివర ఒక మాట ఇచ్చారు. నువ్వు ఈ పని చేసినా మానేసినా, నేను మాత్రం చివరిదాకా నీ వెంట ఉంటానని దాని సారాంశం.

ఈ ఉత్తరాన్ని ఒక తల్లిగానో, తండ్రిగానో ఇంకోసారి తలచుకోండి. మనం సాధారణంగా రెండు పొరపాట్లలో ఒకటి చేస్తాం. భయపెట్టి ఆపేస్తాం. లేదంటే, అంతా బాగానే ఉంటుందిలే అని పంపేస్తాం. ఆయన కష్టాలు ఉన్నదున్నట్టు చెప్పారు, వెనక్కి రావడానికి తలుపూ తెరిచి ఉంచారు.

పాఠం చెప్పడానికి ముందు పాఠం నేర్చుకోవడం

1898 జనవరి 28న మార్గరెట్ కలకత్తాలో ఓడ దిగింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు. రేవులో వివేకానంద స్వయంగా ఎదురుచూస్తున్నారు. మార్చి 25న ఆమెకు నివేదిత అని పేరు పెట్టారు. సమర్పించబడినది అని ఆ పేరుకు అర్థం.

రాగానే బడి తెరిచిందనుకుంటున్నారా? లేదు. తొమ్మిది నెలలకు పైగా పట్టింది. ముందు బెంగాలీ నేర్చుకుంది. పదమూడేళ్లుగా పాఠాలు చెప్పిన మనిషి మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టింది. వేసవిలో వివేకానందతో, మరికొందరితో కలిసి హిమాలయాల వైపు ప్రయాణం చేసింది. అల్మోరాలో ఆమెకు చాలా కష్టంగా గడిచింది. ఇంగ్లండ్ మీద ఆమెకున్న అభిమానాన్ని, తన దేశపు కొలతలతోనే అన్నింటినీ కొలిచే అలవాటును వివేకానంద రోజూ నిలదీసేవారు. ఆమె మనసు బాగా నొచ్చుకుంది. చివరికి వాళ్లతో ఉన్న ఒక పెద్దావిడ కల్పించుకుని ఆయనతో మాట్లాడాక పరిస్థితి తేలికపడింది.

ఇల్లు వదిలి వెళ్లిన ఏ బిడ్డకైనా ఈ దశ తప్పదు. తాను సరైనదనుకున్నది అక్కడ సరైనది కాకపోవచ్చు. సామాను మోయడం కంటే ఆ సంగతి ఒప్పుకోవడమే కష్టం.

గుమ్మం దాటడం

నవంబరులో నివేదిత ఉత్తర కలకత్తాలోని బాగ్‌బజార్‌కు చేరింది. అది సంప్రదాయ కుటుంబాల పేట. మొదట శ్రీరామకృష్ణ పరమహంస సతీమణి శారదాదేవి తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ ఇంట్లో ఆచారాలు కచ్చితంగా పాటించే వితంతువులు ఉండేవారు. విదేశీ మహిళ అక్కడ ఉంటే ఊళ్లోని వాళ్ల బంధువులకు మాట పడుతుందని నివేదితకు కొన్ని రోజులకు అర్థమైంది. ఎనిమిది పది రోజులు ఉండి, దగ్గరలోనే బోస్‌పాడా సందులో 16వ నంబరు ఇంటికి మారింది. అలిగి వెళ్లలేదు. మధ్యాహ్నాలు శారదాదేవి దగ్గరికే వెళ్లి కూర్చునేది.

1898 నవంబర్ 13న, కాళీపూజ రోజున, ఆ ఇంట్లోనే శారదాదేవి చేతుల మీదుగా బడి మొదలైంది. పిల్లలు కొద్దిమందే. ఆడపిల్లలను బయటికి పంపని ఇళ్లు అవి. నివేదిత ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను బతిమాలింది. ఇంగ్లండ్‌లో నేర్చుకున్న పద్ధతిని ఉన్నదున్నట్టు దించలేదు. పిల్లల చేతికి సూది, దారం, మట్టి ముద్ద, రంగులు ఇచ్చింది. వాళ్ల ఇళ్ల ముందు వేసే ముగ్గులనే బొమ్మల పాఠంగా చేసింది.

చీపురు పట్టిన టీచరు

1899 మార్చిలో కలకత్తాలో ప్లేగు వచ్చింది. రామకృష్ణ మిషన్ సహాయక సంఘానికి నివేదిత కార్యదర్శి. వీధులు శుభ్రం చేయడానికి మనుషులు చాలకపోతే తానే చీపురు పట్టుకుని సందు ఊడవడం మొదలుపెట్టింది. అది చూసి పేటలోని కుర్రాళ్లు సిగ్గుపడి, బయటికి వచ్చి తామూ చీపుర్లు అందుకున్నారు. ఏప్రిల్ 22న విద్యార్థుల సభలో ఆమె మాట్లాడాక మరికొందరు ముందుకు వచ్చారు.

ఆ రోజుల్లోనే డాక్టర్ రాధాగోవింద కర్ ఒక గుడిసెలో ఆమెను చూశారు. తల్లి పోయి, ప్లేగుతో ఉన్న చిన్నపిల్లవాడిని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. గోడలకు తానే సున్నం వేసింది. జబ్బు అంటుకుంటుందని తెలిసీ కదల్లేదు. ఆ పసివాడు ఆమెనే అమ్మ అనుకుని పిలుస్తూ, ఆమె ఒడిలోనే కన్నుమూశాడు.

బాగ్‌బజార్ ఆమెను పరాయిదానిగా చూడడం మానేసింది ఇలాంటి పనుల వల్లనే.

మూతపడిన బడి మళ్లీ తెరుచుకుంది

అయినా డబ్బు లేక బడి ఏడాది తిరగకుండానే ఆగిపోయింది. 1899 జూన్ 20న నివేదిత విరాళాల కోసం పడమటి దేశాలకు బయలుదేరింది. ఆమె ఎక్కిన ఓడ పేరు మన తెలుగువాళ్లకు నచ్చుతుంది, గోల్కొండ! సొంత మనుషుల దగ్గరికి చేరింది కదా, అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ 1902 ఫిబ్రవరిలో ఆమె తిరిగి వచ్చింది. జూలై 4న వివేకానంద కన్నుమూశారు. పిలిచిన మనిషి లేకపోయినా ఆమె పని ఆపలేదు. 1903లో సిస్టర్ క్రిస్టీన్ తోడయ్యాక, పెళ్లయిన ఆడవాళ్లకు, వితంతువులకు కూడా తరగతులు మొదలయ్యాయి.

గోపాలుడి తల్లిగా పేరుపడిన ఒక వృద్ధ వితంతువు ఉండేవారు. మడి, ఆచారాల్లో చాలా పట్టుదల గల మనిషి. ఆమె తన చివరి రోజులు గడిపింది నివేదిత ఇంట్లోనే. 1898లో ఆ పేటకు ఇది ఊహకు కూడా అందేది కాదు.

కూతురిని ఆపని మేరీ నోబుల్ 1909లో కన్నుమూసినప్పుడు నివేదిత ఆమె దగ్గరే ఉంది. రెండేళ్ల తర్వాత, 1911 అక్టోబర్ 13న, డార్జిలింగ్‌లో నివేదిత కూడా వెళ్లిపోయింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు కూడా నిండలేదు. ఆమె పెట్టిన బడి ఆమె పేరుతోనే బాగ్‌బజార్‌లో ఈనాటికీ నడుస్తోంది.

ఈ నెల మీ ఇంట్లో

మీ పిల్లలు రేపు హాస్టల్‌కే వెళ్లవచ్చు, వేరే దేశానికే వెళ్లవచ్చు, సేవకే వెళ్లవచ్చు. మొదటి నెలల్లో ఒక రాత్రి ఫోన్ చేసి, ఇక్కడ నాకు కుదరడం లేదు అని ఏడుస్తారు. అప్పుడు నివేదిత మొదటి ఏడాదిని గుర్తు చేసుకోండి. భాష రాలేదు, మనసు నొచ్చుకుంది, ఇల్లు మారింది, బడి మూతపడింది. ఆ ఏడాదిని మాత్రమే చూసినవాళ్లు ఆమె ఓడిపోయిందనే అనుకునేవారు.

ఆ ఫోన్ రాకముందే, ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లలతో రెండు విషయాలు మాట్లాడండి. వెళ్లే చోట ఏమేం కష్టాలు ఉంటాయో దాచకుండా చెప్పండి. నిలబడినా, తిరిగి వచ్చినా మీరు వాళ్ల వెనకే ఉంటారని కూడా చెప్పండి. ఈ రెండో మాట పిల్లలు అడగరు. కానీ దాని కోసమే ఎదురుచూస్తుంటారు.