జొన్న రొట్టె ఎర్రదనానికీ, బొగ్గుకూ లింకు పెట్టిన డాక్టర్.. ఎవరీ మయార్?

గోలేటి: సింగరేణి బెల్ట్‌లో డ్యూటీకి వెళ్లేవాళ్ల సద్ది డబ్బాలో జొన్న రొట్టె, వేయించిన పల్లీలు, గోలిచ్చిన కూర కామన్. రొట్టె మీద ఆ ఎర్ర మచ్చలు, ఆ కమ్మటి వాసన ఎలా వస్తాయో 1912లోనే ఓ డాక్టర్ చెప్పారు. అంతేకాదు, గనుల్లోని బొగ్గు పుట్టుకకూ ఇదే దారి కావొచ్చని అంచనా వేశారు. ఆయనే ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కమీల్ మయార్. మన దగ్గర చాలామంది మెయిలార్డ్ అంటారు.

వెతికింది ఒకటి.. దొరికింది ఇంకొకటి

1878 ఫిబ్రవరి 4న పాంటామూసోఁ అనే ఊళ్లో పుట్టిన మయార్, 1903లో నాన్సీలో డాక్టర్ పట్టా అందుకున్నారు. కిడ్నీ జబ్బులు, యూరియాపై ఆయన చేసిన పనికి మంచి పేరొచ్చింది. ప్రొటీన్లు ఎలా తయారవుతాయో తెలుసుకుందామని అమైనో ఆమ్లాలను చక్కెరతో కలిపి వేడి చేశారు. ప్రొటీన్ సంగతేమో కానీ.. నురగ వచ్చింది, ద్రావణం గోధుమ రంగుకు తిరిగింది. ఆ రంగు పదార్థాలే మెలనాయిడిన్లు. నీళ్లలో ఉడికితే వేడి 100 డిగ్రీలు దాటదు, అందుకే అన్నం తెల్లగానే ఉంటుంది. పెనం మీద తడి ఆరి వేడి పెరగ్గానే రొట్టె ఎర్రబడుతుంది.

నల్లటి మట్టి, బొగ్గు కూడా ఇలాగే ఏర్పడి ఉండొచ్చని అదే ఏడాది ఇంకో పేపర్ ఇచ్చారు. అయితే గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్లకు ముందు పూడిపోయిన చెట్ల నుంచి, ఒత్తిడి, వేడి వల్ల వచ్చిందన్నదే నేటి సైన్స్ మాట.

పేరొచ్చేసరికి ఆయన లేరు

1919లో అల్జీర్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరిన మయార్, 1936 మే 12న పారిస్‌లో హఠాత్తుగా చనిపోయారు. 1953లో అమెరికా కెమిస్ట్ జాన్ హాడ్జ్ ఈ రియాక్షన్‌ను మెట్టు మెట్టుగా వివరించాకే ఫుడ్ ఇండస్ట్రీ అంతా దీని వెంట పడింది.

కడుపులోకి వెళ్లాక ఏమవుతుంది?

మెలనాయిడిన్లు పూర్తిగా అరగవు. చాలా వరకు పెద్దపేగు దాకా పోయి, అక్కడి బ్యాక్టీరియాకు పీచులా మేత అవుతాయి. కృత్రిమ జీర్ణ రసాలతో చేసిన ల్యాబ్ పరీక్షల్లో కాఫీ మెలనాయిడిన్లు కొవ్వు చెడిపోకుండా అడ్డుకున్నాయి. యాంటీ ఆక్సిడెంట్ గుణం అంటే ఇదే. కానీ ఎర్రగా కాల్చిన తిండితో జబ్బులు తగ్గుతాయని మనుషుల్లో రుజువు కాలేదు.

రెండో వైపూ ఉంది. పిండి పదార్థాలను ఎక్కువ వేడిలో వేయిస్తే ఇదే రియాక్షన్‌తో అక్రిలమైడ్ వస్తుందని 2002లో స్వీడన్‌లో బయటపడింది. మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కావొచ్చన్న లిస్టులో అది ఉంది. వేడి ఎక్కువైతే లైసిన్ అనే పోషకమూ తగ్గుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ రియాక్షన్ ఇంకా దగ్గర. రక్తంలో చక్కెర ఎక్కువైతే హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్ట్ కొలిచేది దాన్నే. అంటే పెనం మీద జరిగేదే ఒంట్లోనూ నెమ్మదిగా జరుగుతోందన్నమాట.

రొట్టె అయినా, పల్లీలైనా ఎర్రగా దోరగా వేగితే దించేయండి. నల్లగా మాడిన ముక్కను గిల్లి పారేయండి.