కాయకమే పాఠశాల - బసవేశ్వరుని జీవితము

బసవేశ్వరుని మనము భక్తిభాండారిగా, మంత్రిగా, సంఘసంస్కర్తగా నిత్యము స్మరించుచున్నాము. ఆ మహనీయుని జీవితమున మనము అంతగా గమనింపని పాఠ మొకటి కలదు. పనిచేయువారు పనిచేయుచోటనే యొకరినుండి యొకరు నేర్చుకొను మార్గమున ఆయన తాను నడచి, పదిమందిని నడిపించెను.

బసవేశ్వరుడు క్రీస్తుశకము 12వ శతాబ్దమున, నేటి కర్ణాటకములోని విజయపుర జిల్లా బాగేవాడి ప్రాంతమున మాదిరాజు, మాదాంబ దంపతులకు జన్మించెను. జన్మసంవత్సరము 1131 అని పలువురి యభిప్రాయము. బాల్యముననే ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమును చేరెను. అచ్చట శాస్త్రవిద్య లభించినది. లోకవ్యవహార మలవడినది మాత్రము కొలువులోనే.

ఈ ఘట్టమును కవులు రెండు విధములుగా చెప్పిరి. కన్నడకవి హరిహరుని రగళె ననుసరించి, బసవన్న మంగళవాడకు వచ్చి, సిద్ధదండాధిపుని కొలువులో లెక్కలు వ్రాయు కరణముల నడుమ కూర్చుండెను. వారి లెక్కలో దొరలిన తప్పును చూపగా దండాధిపుడు మెచ్చి ఉద్యోగమొసగెను. మన పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మేనమామ యగు బలదేవ దండనాయకుని యనంతరము ఆ పదవి బసవనికి సంక్రమించినది. కథలు వేరైనను సారాంశ మొక్కటియే. పెద్దల చెంత పని చూచి, పని చేసి, కలచురి బిజ్జలుని భాండారము నేలు స్థాయికి ఆయన యెదిగెను.

అంతటి అధికారము చేజిక్కినవాడు సామాన్యుల నుండి నేర్చుకొనుట అరుదు. బసవేశ్వరుడు అట్లు కాక, కల్యాణమున శరణుల గోష్ఠిని నెలకొల్పెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. మర్కూక్ గ్రామము 2016 వరకు చేరియుండిన పాత మెదకు జిల్లాకు బీదరు పొరుగు జిల్లాయే. అనుభవమంటపము ఒక కట్టడమా, లేక గోష్ఠికే యా పేరా యని చరిత్రకారులు చర్చించుచున్నారు. శరణులు కలిసి విచారించిరనుటకు వారి వచనములే సాక్ష్యము.

సంప్రదాయము ననుసరించి ఆ గోష్ఠికి అల్లమప్రభువు అధ్యక్షుడు. పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, వెదురుపని చేయు మేదర కేతయ్య అందలి సభ్యులు. వీరు తమ వృత్తిని వాకిట విడిచి లోనికి వచ్చినవారు కారు. పడవయు, త్రాడును, వెదురును వారి తత్త్వవిచారమునకు ఉపమానములైనవి. అచ్చట బోధించువాడే నేర్చుకొనువాడు. మంత్రియు వారిలో నొకడే.

తప్పు దిద్దుటయు అచ్చట అధికారి పని కాదు, తోడివారి పని. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరి, దానితోనే జంగమార్చన సాగించెడివాడు. ఒకనాడు ఆయన నిత్యముకంటె నధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ, అక్కరకు మించినది ఆశయే యగునని మందలించి, ఆ గింజలను తిరిగి పోసి రమ్మని పంపెను. భర్తయు చిన్నబుచ్చుకొనక యట్లే చేసెను. కాయకమున నిజాయితీ యననేమో ఆ దంపతులు నేర్చినది గింజలేరు చోటనే.

ఈ సమానత్వమునకు చెల్లించిన వెల మిక్కిలి పెద్దది. సమగార హరళయ్య కుమారునికి, బ్రాహ్మణకుటుంబమున పుట్టి శరణుడైన మధువయ్య కుమార్తెకు వివాహము జరుగగా, బిజ్జలుడు ఆ తండ్రుల నిరువురిని కఠినముగా దండించెను. కల్యాణము అల్లకల్లోలమయ్యెను. శరణులు చెదరిపోయిరి. 1167 ప్రాంతమున బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యమందెను. గోష్ఠి చెదరినను నేర్చిన విద్య చెదరలేదు. వచనములు జనుల నాలుకలపైనను, తాళపత్రములపైనను నిలిచినవి. ఫ. గు. హళకట్టి గారు (1880-1964) ఊరూర తిరిగి వానిని సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిరి. తెలుగునాట సోమనాథుడు శరణుల కథలను, చదువురానివారు సైతము పాడుకొనుటకు వీలైన ద్విపదలో పొందుపరచెను.

మన సిద్దిపేట మగ్గములపై గొల్లభామ బొమ్మ నేయు విద్య యెట్లు వచ్చినది? తండ్రి ప్రక్కన కూర్చుండి, పోగు పోగును చూచిన కన్నులకు వచ్చినది. మర్కూకున గాని, మరియొక యూర గాని, పొలముగట్టునను, కార్ఖానాలోను, కచ్చేరిలోను ఇట్టి విద్యయే నేటికిని సాగుచున్నది. దానికి పట్టా లేదు గనుక తక్కువయని తలపరాదు. తెలిసినవాడు దాచుకొన్నను, తెలియనివాడు అడుగుటకు సిగ్గుపడినను ఆ విద్య అంతటితో అంతరించును. అధికారి తన క్రిందివానిని అడుగుటకు వెనుదీయరాదు.

మన మఠములు నెలకొకనాడైనను వివిధ వృత్తులవారిని ఒక్కచోట కూర్చి, ఎవరి పనిని వారిచేత చెప్పించిన మేలు. బసవజయంతినాడు ఊరేగింపుతో పాటు ఈ పనియు జరిగిన, కాయకమునకు ఆయన కట్టిన విలువను మనము నిలిపినవార మగుదుము.