తలంటును ఇంగ్లండుకు తీసుకెళ్లిన షేక్ దీన్ మహమ్మద్

మోకాళ్ల నొప్పులు, భుజం పట్టేయడం, నడుము నొప్పి - పింఛనుదారులు నలుగురు కూడితే డి.ఎ. బకాయిల తర్వాత ఎక్కువగా మాట్లాడుకొనేది వీటి గురించే. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలో పండుగనాటి తలంటు, బాలింతకూ పసిబిడ్డకూ నూనెతో ఒళ్లు రుద్దడం, మంగలి దుకాణంలో తల మాలిష్ ఎరుగనివారు ఉండరు. ఆ మర్దననే నమ్ముకొని బతికి, ఇద్దరు ఇంగ్లండు రాజుల కొలువులో మర్దన వైద్యుడిగా నియమితులైన భారతీయుడు షేక్ దీన్ మహమ్మద్.

ఆయన 1759లో పాట్నాలో జన్మించారు. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేస్తూ మరణించగా, పదేళ్లు దాటీదాటని బాలుడు బేకర్ అనే దొర వెంట దండులో చేరారు. 1782లో కొలువు వదిలి, 1784లో ఆ దొరతోపాటే ఐర్లండులోని కార్క్ పట్టణం చేరారు. అక్కడ ఇంగ్లీషు చదువుకొని, జేన్ డేలీ అనే యువతిని 1786లో వివాహమాడారు. 1794లో తన యాత్రా విశేషాలను గ్రంథంగా వెలువరించారు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రచించి ప్రచురించిన మొదటి పుస్తకం అదే.

తర్వాత లండను చేరి, మద్రాసులో విశేషంగా ధనం గడించి వచ్చిన బాసిల్ కొక్రేన్ గారి ఆవిరి స్నానశాలలో పనిచేశారు. 1810లో సొంతంగా భారతీయ భోజనశాల తెరిచారు. వంటలకు పేరు వచ్చింది గాని పెట్టుబడి చాలలేదు. 1812లో దివాలా తీశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు, పైగా సంసార భారం. 1983లో ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 55కు తగ్గించినప్పుడు ఇళ్లలో నెలకొన్న దిగులు మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆయనకైతే పింఛను కూడా లేదు.

సరిగ్గా ఆ 55వ ఏట, 1814లో, ఆయన సముద్రతీరాన ఉన్న బ్రైటన్ చేరి స్నానశాల పని ప్రారంభించారు. మూలికలు వేసి కాచిన ఆవిరి పట్టేవారు. రోగిని ఉన్ని గుడ్డతో కుట్టిన డేరాలో కూర్చోబెట్టి, డేరాకు అమర్చిన చేతితొడుగుల గుండా చేతులు దూర్చి ఒళ్లు పిసికేవారు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు షాంపూయింగ్. నొక్కు అనే అర్థం గల చాంపో అనే హిందీ మాటకు అది రూపాంతరం. నేడు సీసాలలో అమ్మే షాంపూకు ఆ పేరు రావడానికి మూలం ఈ మర్దనే!

మొదట జనం నమ్మలేదు. ఆయన కొందరికి ఉచితంగా చేసి చూపించారు. కీళ్లవాతంతో కర్రలమీద వచ్చినవారు వదిలి వెళ్లిన చంకకర్రలను స్నానశాలలో ప్రదర్శనకు పెట్టారు. స్త్రీల విభాగాన్ని భార్య చూసుకొనేవారు. 1822లో ఈ విధానంపై పుస్తకం రాశారు. నాలుగవ జార్జి, ఆయన తర్వాత నాలుగవ విలియం ఆయనను తమ మర్దన వైద్యుడిగా నియమించారు. అయితే ఆ పుస్తకంలో తన వయస్సును పదేళ్లు పెంచి, వైద్యం చదివినట్లు రాసుకోవడం మెచ్చదగిన పని కాదు. చేతిలో అంత విద్య ఉన్నవారికి ఆ అవసరం ఏమొచ్చిందో!

ఆయన చికిత్సలో కిటుకు నేటి వైద్యానికీ అందేదే. వేడికి కండరం సడలుతుంది, సడలిన కండరం కీలును సులువుగా కదలనిస్తుంది. కీలు చివర ఉండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కదలికలో నొక్కుడు పడి వదిలినప్పుడల్లా కీలులోని జిగురు ద్రవం నుండే దానికి పోషణ అందుతుంది. అందుకే మడిచి కూర్చున్న మోకాలు బిగుసుకుపోతుంది. మోకాలు తలుపు బందులా ప్రధానంగా ముందువెనుకలకే కదులుతుంది, భుజం అన్ని దిక్కులా తిరుగుతుంది. మన అంతట మనం కదిలించుకోవడం ఒకటి, ఎదుటివారు పట్టి కదిలించడం మరొకటి. రెండవది చేసేటప్పుడు నొప్పి పుట్టినచోట ఆపాలి. అరిగిన మృదులాస్థి మర్దనతో తిరిగి రాదు, నొప్పీ బిగువూ తగ్గుతాయి, అంతే. హఠాత్తుగా ఒక పిక్క వాచి వేడిగా ఉంటే అస్సలు రుద్దరాదు. లోపల నెత్తురు గడ్డ ఉండవచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. దుకాణంలో మెడ విరిపించుకొనే అలవాటు మానుకోవడం మేలు.

ఇంతటి స్నానశాల భవనం ఆయన సొంతం కాలేదు. 1841లో అది వేలానికి వచ్చినప్పుడు కొనే స్తోమత లేక, 82వ ఏట చిన్న ఇంటికి మారి అక్కడే పని సాగించారు. 1850 చివర భార్య గతించారు. కొద్ది వారాలకే, 1851 ఫిబ్రవరి 24న ఆయనా కన్నుమూశారు. బ్రైటన్‌లోని సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో సమాధి ఉంది.

ఆయన మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండనులోని గైస్ ఆసుపత్రిలో డాక్టరయ్యారు. మూత్రపిండాల జబ్బు లేనివారిలో కూడా రక్తపోటు హెచ్చుగా ఉండవచ్చునని తొలినాళ్లలోనే గుర్తించినవారిలో ఆయన ఒకరు. 1884లో, 35వ ఏట, టైఫాయిడ్‌తో మరణించారు.