పేరు 'స్టాండర్డ్'... కొలత మాత్రం సొంతం!

ముచ్చటపడి ఓ మోడల్ రైలు కొన్నారు. పట్టాలు వేరే కంపెనీవి తెచ్చారు. తీరా చూస్తే చక్రాలు పట్టాల మీద కూర్చోవడం లేదు! తప్పెక్కడ జరిగింది? జాషువా లయనెల్ కోవెన్ కథ తెలిస్తే మీకే అర్థమవుతుంది.

1877లో న్యూయార్క్‌లో వలస యూదు కుటుంబంలో పుట్టాడు. కాలేజీ చదువు మధ్యలోనే వదిలేశాడు. కరెంటు, మోటార్లంటే పిచ్చి. 1900లో, 23 ఏళ్లకే, ఓ భాగస్వామితో కలిసి లయనెల్ కంపెనీ పెట్టాడు. షాపుల అద్దాల వెనక తిరుగుతూ జనాన్ని ఆకర్షించడానికి చిన్న ఎలక్ట్రిక్ రైలు తయారుచేశాడు. వచ్చినవాళ్లు సరుకు వదిలేసి ఆ రైలే కావాలన్నారు!

ఇక్కడ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. స్కేల్ అంటే అసలు రైలును ఎన్నో వంతుకు తగ్గించామనే లెక్క. రెండూ ఒకటి కాదు. 45 మి.మీ. పట్టాల మీద 1:32 స్కేల్ రైలు పెడితే 45×32=1,440. అంటే దాదాపు మన హైదరాబాద్ మెట్రో నడిచే 1,435 మి.మీ. స్టాండర్డ్ గేజ్. అదే పట్టాల మీద 1:22.5 రైలు పెడితే 1,012. అంటే ఇంచుమించు మీటర్ గేజ్! పట్టాలు అవే, రైలు మాత్రం వేరు.

1906లో కోవెన్ 2 1/8 అంగుళాల గేజ్ తెచ్చాడు. కరెంటు కోసం మధ్యలో మూడో పట్టా. ఆ కొలత వేరే ఎవరిదాంతోనూ కలవదు. అయినా దానికి 'స్టాండర్డ్ గేజ్' అని పేరు పెట్టేశాడు. రైలు కొన్నవాళ్లు పట్టాలూ అతని దగ్గరే కొనాలి. ఎత్తు పారింది. 1920ల్లో పోటీ కంపెనీలే ఆ కొలతకు మారాయి. పేరు మాత్రం లయనెల్‌ది కాబట్టి 'వైడ్ గేజ్' అనుకున్నాయి.

తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. పెద్ద రైళ్లు కొనేవాళ్లు తగ్గారు. 1934లో కంపెనీ రిసీవర్ చేతుల్లోకి వెళ్లింది. ఆ ఏడాది ఆదుకున్నవాటిలో ఒకటి మిక్కీ, మిన్నీ మౌస్‌ల చిన్న తోపుడు బండి. ధర ఒక డాలరు. అది నడిచింది స్టాండర్డ్ మీద కాదు, చాలా కంపెనీలు వాడే 1¼ అంగుళాల 'ఓ' గేజ్ మీద! 1937లో అదే గేజ్‌లో 1:48 స్కేల్‌తో హడ్సన్ ఇంజిన్ తెచ్చాడు. లెక్కేస్తే 60 అంగుళాలు. అసలు పట్టాలు 56½. చిన్న తేడా ఉన్నా జనానికి నచ్చింది.

1940 నాటికి స్టాండర్డ్ గేజ్‌ను కోవెన్ ఆపేశాడు. 1965లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 'ఓ' గేజ్ రైళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

రేపు మీరు ఓ యాప్ చేసినా, పరికరం చేసినా ముందు ఇదే ప్రశ్న వేసుకోండి: ఇది ఇంకెవరిదాంతో కలుస్తుంది? ఎవరితోనూ కలవకుండా కొన్నాళ్లు గెలవచ్చు. కానీ మూడు దశాబ్దాలు తిండి పెట్టిన సొంత కొలతనే పక్కన పెట్టగలగడం... కోవెన్ దగ్గర నేర్చుకోవాల్సింది అదే.