డెనిస్ గేబరు

హంగరీ దేశపు రాజధానియగు బుడాపెస్టు నగరమున 1900వ సంవత్సరము జూను 5వ తేదీన డెనిస్ గేబరు జన్మించెను. తండ్రి గనుల సంస్థలో ఉన్నతాధికారి. గేబరునకు బాల్యముననే భౌతికశాస్త్రముపై అమితమైన మక్కువ కలిగెను. తమ్ముడు జార్జితో కలసి ఇంటిలోనే చిన్న ప్రయోగశాల నేర్పరచుకొని, ఆనాటికి క్రొత్తవియగు ఎక్స్ కిరణములను, రేడియోధార్మికతను గూర్చిన ప్రయోగములను చేసి చూచుచుండెడివాడు. అయినను ఉన్నతవిద్యకు ఆతడు యంత్రశాస్త్రమునే ఎంచుకొనెను. ఆ దినములలో హంగరీలో భౌతికశాస్త్రము చదివినవానికి బ్రదుకుదెరువు దొరకుట దుర్లభము.

మొదటి ప్రపంచయుద్ధమున కొంతకాలము సైనికుడుగా నుండి, 1920లో గేబరు బెర్లిను నగరమునకు పోయి అచ్చటి సాంకేతిక విద్యాపీఠమున చేరెను. విద్యుత్తును దూరప్రాంతములకు గొనిపోవు తీగలలో క్షణమాత్రము పుట్టి గిట్టు పొంగులను చిత్రించుటకు ఆతడొక పరికరమును నిర్మించెను. అందు ఎలక్ట్రానుల కిరణమును ఒకచోటికి చేర్చుటకై తీగచుట్టకు ఇనుప తొడుగు తొడిగెను. ఆ చుట్ట చక్కగా పనిచేసెను. ఏల పనిచేసెనో మాత్రము ఆతనికి బోధపడలేదు. భూతద్దము వెలుతురును కూర్చునట్లే తీగచుట్ట ఎలక్ట్రానులను కూర్చునని 1926లో హాన్స్ బుష్ నిరూపించెను. ఎలక్ట్రాను కటకము గేబరు చేతిలో నుండియు ఆతని కంటబడలేదన్నమాట! 1928లో మిత్రుడు లియో శిలార్డు ఎలక్ట్రానులతో సూక్ష్మదర్శినిని చేయుమని ప్రోత్సహించెను. ఆ కిరణము క్రింద పెట్టిన వస్తువు మాడి మసియగునని తలచి గేబరు అందుకు పూనుకొనలేదు. మూడేండ్లకు, 1931లో, ఆ విద్యాపీఠముననే మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా అనువారు మొదటి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిని నిర్మించిరి.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదు వంశజుడగు గేబరునకు బెర్లినులో ఉద్యోగము పోయెను. 1934లో ఆతడు ఇంగ్లాండు చేరి, రగ్బీ పట్టణమున ఒక విద్యుత్ పరికరముల సంస్థలో కుదురుకొనెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, విదేశీయుడని, రహస్యములు గల ప్రయోగశాలలోనికి ఆతనికి ప్రవేశము లేకుండెను. ఆవరణము వెలుపలి చిన్న కొట్టమే ఆతని ప్రయోగశాల.

కాంతి తరంగముకంటె మిక్కిలి చిన్నదగు వస్తువును సాధారణ సూక్ష్మదర్శిని చూపజాలదు. ఎలక్ట్రానులకును తరంగ స్వభావము కలదు. ఆ తరంగము కాంతి తరంగములో సుమారు లక్షవ వంతు మాత్రమే. కావున ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరమాణువులే విడివిడిగా కనబడవలెను. కాని కనబడలేదు. సెంటీమీటరులో పది కోట్లవ వంతును ఆంగ్‌స్ట్రామ్ అందురు. ఘనపదార్థములలో పరమాణువుల నడుమ ఎడము రెండు మూడు ఆంగ్‌స్ట్రాములు. 1947 నాటి మేలైన పరికరములకు సైతము పండ్రెండు ఆంగ్‌స్ట్రాములే హద్దుగా నుండెను. తప్పు కటకములది. కటకపు అంచులనుండి వచ్చు కిరణములు నడుమనుండి వచ్చు కిరణములతో ఒకేచోట కూడవు. గాజు కటకమున ఈ దోషమును మరియొక గాజును జతచేసి సవరింపవచ్చును. గుండ్రని ఎలక్ట్రాను కటకములకు ఆ ఉపాయము చెల్లదని 1936లో ఒట్టో షెర్జర్ నిరూపించియుండెను.

1947 ఈస్టరు పండుగనాడు గేబరునకు ఒక ఆలోచన తోచెను. కటకమును బాగుచేయలేనిచో, చెడిన చిత్రమునే సంపూర్ణముగా వ్రాసికొని తరువాత దిద్దుకొనరాదా? కంభము చెరువు గట్టున నిలిచి నిశ్చలమైన నీటిలో రెండు రాళ్లు విసరినచో రెండు వలయముల అలలు కలియును. శిఖరముపై శిఖరము పడినచోట నీరు మరింత లేచును. శిఖరముతో పల్లము కలిసినచోట అణగిపోవును. సామాన్యమగు ఛాయాచిత్రము వెలుతురు ఎంత పడెనో చెప్పును గాని, అల శిఖరముతో వచ్చెనో పల్లముతో వచ్చెనో చెప్పదు. సగము సమాచారమట్లు పోవును. వస్తువునుండి వచ్చు అలతో చెక్కుచెదరని మరియొక అలను కలిపి, ఆ కలయికను ఫలకముపై పట్టినచో ఆ సగమును దక్కునని గేబరు గ్రహించెను. ఎలక్ట్రానులతో వ్రాసిన ఆ ఫలకముపై కాంతిని ప్రసరింపజేసిన, పోయిన అల మరల పుట్టును. అప్పుడు గాజు కటకములతో దోషమును తొలగింపవచ్చును.

ముందుగా ఆతడు పాదరస దీపపు కాంతితో తన ఊహను పరీక్షించెను. కాంతి తరంగ సిద్ధాంతమునకు పునాదులు వేసిన హైగెన్స్, యంగ్, ఫ్రెనెల్ అను మువ్వురి పేర్లు గల సూక్ష్మచిత్రమును అందుకు ఉపయోగించెను. గురుదక్షిణ యనవచ్చును. ఫలకముపై పడినది, బలపపు గీతలు చెరిపిన మార్కాపురపు పలకవలె, చదువరాకుండెను. దానిగుండ కాంతిని పంపగనే ఆ పేర్లు మరల కనబడెను. 1948లో ఈ సంగతిని ‘నేచర్’ పత్రికలో ప్రకటించెను. ‘సంపూర్ణము’ అను అర్థము గల గ్రీకు పదమునుండి ఆ ఫలకమునకు హోలోగ్రామ్ అని పేరు పెట్టెను.

1949లో గేబరు లండనులోని ఇంపీరియల్ కళాశాలలో చేరెను. ఎలక్ట్రానులతో చేసిన ప్రయత్నములు మాత్రము ఫలింపలేదు. అలలన్నియు ఒకే నడకతో సాగిననే గాని గీతలు స్పష్టముగ ఏర్పడవు. ఆనాటి పరికరములలో అట్టి ఎలక్ట్రానులు మిక్కిలి కొలది. చిత్రము పడుటకు నిమిషముల కొలది పట్టెడిది. ఆలోపల పరికరము ఇసుమంత కదలినను అంతయు చెడెడిది. పైగా అసలు బొమ్మతోపాటు దాని జంట బొమ్మయు వచ్చి అడ్డుతగిలెడిది. కొన్నియేండ్లు పెనుగులాడి, 1950 దశకపు మధ్యకాలమునకు ఆ పని విడువవలసివచ్చెను.

1960లో లేసరు వచ్చెను. దాని కాంతి ఒకే నడక గలది. అమెరికాలో లీత్, ఉపాట్నియెక్స్ అనువారు జంట బొమ్మను ప్రక్కకు తొలగించు ఉపాయము కనిపెట్టి, 1964లో చేయిచాపి ముట్టుకొనవచ్చునన్నంత లోతుగల బొమ్మలను చూపి లోకమును ఆశ్చర్యపరచిరి. 1971లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము గేబరును వరించెను. ఎలక్ట్రానుల కొఱకు పుట్టిన విద్యకు కీర్తి కాంతివలన వచ్చుట విచిత్రమే.

1974లో మెదడున రక్తస్రావము కలిగి, ఆ మహామేధావి చదువను వ్రాయను శక్తి కోల్పోయెను. 1979 ఫిబ్రవరి 9వ తేదీన లండనులో మరణించెను. అప్పటికే జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున మొల్లెన్‌స్టెట్, వాల్ అనువారు ఎలక్ట్రాను కిరణమును సన్నని విద్యుత్ తంతువుతో రెండుగా చీల్చి 1968లో హోలోగ్రాములను తీసియుండిరి. జపానులో హిటాచీ సంస్థకు చెందిన అకీరా తొనొమురా సూదిమొనవంటి లోహపు కొననుండి వెలువడు తీక్ష్ణమగు కిరణముతో, అతిసూక్ష్మమైన అయస్కాంతములలోని బలరేఖలను కంటికి చూపెను. కటక దోషమును హోలోగ్రామ్ ద్వారా దిద్ది, సూక్ష్మదర్శిని హద్దును దాటవచ్చునని 1995లో హానెస్ లిఖ్టే, ఆయన సహచరులు జర్మనీలో ప్రయోగపూర్వకముగా చూపిరి. 1947లో గేబరు కోరినది అదియే.